పాచినోటి పరీక్షకు తోముకుని పోయినవాణ్ణి

నా ముందుపళ్లు నాలుగూ ఊడిపోబోయిన కథ చెబుతాను. వాటిని ఊడగొట్టబోయింది జబ్బు కాదు, నా శుభ్రత. నవ్వొస్తే ఆపుకోకండి. పళ్లు మిగిలాయి కాబట్టి నేనూ మీతో కలిసి నవ్వుతాను.

కొన్నేళ్ల కిందటి మాట. కర్నూలు పక్కన కల్లూరులో మా ఇంట్లో జామకాయ కొరికితే దాని మీద ఎర్రమచ్చ పడింది. నా భార్య సరోజ అది చూసి, కడపలో ఒక పళ్ల డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆవిడ మన ఉమ్మిని పరీక్ష చేయించి చిగుళ్ల జబ్బు కనిపెడుతుందట. చిగుళ్లు చెడితే అక్కడ పుట్టే రసాయనాలు ఉమ్మిలోకి దిగుతాయట, వాటిని బట్టి జబ్బు తెలుస్తుందట. ఒకటే షరతు: పళ్లు తోమకుండా, ఏమీ తినకుండా, లేచినవాళ్లు లేచినట్టే రావాలి.

నాకు పౌరుషం వచ్చింది. మా ఇళ్లలో పాచినోటితో పాలవాణ్ణి కూడా పలకరించం. అలాంటిది చదువుకున్న ఆడకూతురి ముందు నోరు తెరవడమా?

"తోమొద్దనింది కదా ఆయమ్మ" అంది సరోజ.

"అట్లే అంటాది. పోయినాక, కర్నూలోళ్లు మొగం గూడా కడుక్కోరని నవ్వుతాది."

పెరట్లో కూర్చుని వేపపుల్లతో మొదలుపెట్టి, ఉప్పు కలిపిన బొగ్గుపొడితో ముగించాను. ఇత్తడి బిందెను కూడా ఎవరూ అంత కసిగా తోమి ఉండరు.

కడపలో డాక్టరమ్మ చిన్న గొట్టం చేతికిచ్చి, ఊరిన ఉమ్మిని అందులోకి మెల్లగా జారనివ్వమంది. అరుగు మీద కూర్చుని రోడ్డవతలి కాలువలోకి గురి తప్పకుండా ఉమ్మగల వీరుణ్ణి నేను. ఆ రోజు చుక్క రాలేదు. నోరు మంగంపేట ముగ్గురాయి గనిలా పొడిబారిపోయింది. సరోజ నా చెవిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ గురించి వర్ణించాకగాని ఊరలేదు. ఊరిందేమో గులాబీ రంగులో ఉంది.

"తోముకున్నారా?" అంది డాక్టరమ్మ.

"యాడ తల్లీ, నువ్వు వద్దన్నాక."

సరోజ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగింది.

వారానికి డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. జబ్బు ముదిరినట్టు కనిపిస్తోంది, చిగుళ్లు కోసి శుభ్రం చేయాల్సి రావచ్చు, వచ్చి చూపించుకోమని. పళ్లు నిలుస్తాయా అని అడిగితే, చూడకుండా చెప్పలేనంది. ఆ ఒక్క మాటకే నా ముందుపళ్లు నాలుగూ రాలిపోయినట్టయింది. గండికోటలో చిరుతపులికి దారి చెప్పానని నేను రోజూ అరుగు మీద చెప్పే కథ ఇక బోసినోటితో చెబితే ఎవడు నమ్ముతాడు? ఆ పూటే నల్లి ఎముకలు తెప్పించి, ఒక్కో పన్నుతో కొరికి వీడ్కోలు చెప్పాను. భయంతో బొగ్గుపొడి మోతాదు కూడా పెంచాను.

ఈసారి డాక్టరమ్మ నన్ను కుర్చీలో పడుకోబెట్టి, సన్నని కడ్డీతో చిగుళ్లు కొలిచింది. నేను కళ్లు మూసుకుని కులదైవానికి పొట్టేలు మొక్కుకున్నాను.

"లోపల గట్టిగానే ఉండాయి. పైనంతా గీరుకపోయిండాది. దేంతో తోమినారు?"

నోట్లో కడ్డీ ఉంది కనక నేను బతికిపోయాననుకున్నాను. సరోజ నోట్లో ఏమీ లేదు. పూసగుచ్చినట్టు చెప్పేసింది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "నెత్తురు కలిసినాక ఆ పరీక్షకు విలువ ల్యాదు పెద్దాయనా. మళ్లా చేయల్ల. పాచినోటితోనే రాండి."

చిగుళ్లు మానాక మళ్లీ బయల్దేరాను. పాచినోరు తెరిస్తే పరువు పోతుందని మూతికి తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాను. సరోజ ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. నా పక్కాయన "యాడికి పోతాండావప్పా?" అని కర్నూలు నుంచి కడప దాకా అడుగుతూనే ఉన్నాడు. నేను తలాడిస్తూనే ఉన్నాను. పాపం, మూగవాణ్ణనుకుని దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని దింపాడు.

వారానికి ఇద్దరం మళ్లీ పోతే, ఈసారి ఫలితంలో తేలింది కాస్త వాపు మాత్రమే. పళ్లకు పట్టిన గార తీయిస్తే చాలు, ఏ పన్నూ పోదంది డాక్టరమ్మ. గుండెల మీంచి పొట్టేలు దిగినట్టయింది. సరోజ మాత్రం ఆవిడ దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది:

"ఈ పరీక్ష వారానికొకసారి పెట్టమ్మా. పోయినసారి బస్సులో శానా ప్రశాంతంగా ఉన్నింది."

కాబట్టి పాఠకులారా, మిగిలిన ముప్పై రెండు పళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: డాక్టరు వద్దన్న రోజున వేపపుల్ల వైపు కన్నెత్తి చూడను. కథలు మానతానని మాత్రం ప్రమాణం చేయలేదు. ఆ పులి ఇంకా దారి అడుగుతూనే ఉంది.