వెనక భుజం

మొన్న కరీంనగర్‌లో మా అమ్మాయి వాళ్లింటికి వాషింగ్ మెషిన్ వచ్చింది. వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు చూస్తే పొద్దుటి నుంచే మొరాయించి కూర్చుంది. కింద ఆటోలోంచి పెట్టె దించిన కుర్రవాడి నడుముకు వెడల్పాటి పట్టీ ఉంది, భుజాన బలమైన నాడా ఉంది, మనిషి మాత్రం ఒక్కడే. ఆ అట్టపెట్టె మీద ఒక బొమ్మ అచ్చేసి ఉంది, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మోకాళ్లు వంచి ఒక పెట్టెను లేపుతున్నట్టు. రెండోవాడేడీ నాయనా అని అడిగితే నవ్వి, "బొమ్మల ఇద్దరున్నరు తాతా, పంపేటోళ్లు ఒక్కన్నే పంపిండ్రు" అన్నాడు. ఎనభై దాటిన చేతులన్న సంగతి మరిచిపోయి నేనొక పక్క పట్టుకోబోతే, "వద్దు తాతా, అల్కగనే ఉన్నది" అంటూ నాడా బిగించి పెట్టెను రొమ్ముకు ఆనించుకున్నాడు. తేలికగా ఉందనడానికి మా వైపు అల్కగ ఉన్నదంటారు. ఆ మాట చెవిన పడేసరికి నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

మాది లక్సెట్టిపేట, నేత కుటుంబం. బాపు పోయాక మగ్గం మీద నేనూ అవ్వా కొన్నాళ్లు కష్టపడ్డాం కానీ నూలు దొరికితే గిరాకీ లేక, గిరాకీ ఉంటే నూలు దొరక్క చివరికి మగ్గం గుంతలో పిల్లి పిల్లలు పెట్టుకునే రోజు వచ్చింది. అప్పటికి హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి నాలుగైదేళ్లయి ఉంటుంది, నాకు పంతొమ్మిదేళ్లు. అవ్వ తమ్ముడు, అంటే నా మేనమామ, అప్పటికే తన మగ్గం వదిలేసి నిర్మల్‌లో ఒక పార్శిల్ ఆఫీసులో మోత పనికి కుదురుకుని ఉన్నాడు. అవ్వ నన్ను బస్సెక్కించి ఆయన దగ్గరికి పంపింది, పోరడు నీ చేతిలో ఉన్నడు తమ్ముడా, నడుము ఇరగకుంట చూసుకో అని కబురు పెట్టి మరీ పంపింది.

మీలో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో లారీ వచ్చి ఆఫీసు ముందు ఆగితే ఊరు ఊరంతా వచ్చి మూగేది. ఏ పెట్టెలో ఏముందో ఎవరికి వచ్చిందో అందరికీ కావాలి. కుట్టు మిషన్లు, ఇత్తడి బిందెల గంపలు, నూలు బేళ్లు, సబ్బుల పెట్టెలు, అక్కడి నుంచి బయటికి పోయే కొయ్యబొమ్మల పెట్టెలు. బొమ్మల పెట్టెలంటే మాకు పండగ, చూడటానికి ఇంత పెద్దగా ఉండి ఎత్తితే గడ్డి బరువు కూడా ఉండేవి కావు. ఆఫీసు లెక్కలు రాసే మా మున్షీ సాబు మంచివాడే కానీ ప్రతి పెట్టెనూ పుట్టింటికి వచ్చిన కూతురిని చూసుకున్నట్టు చూసుకునేవాడు. మేం ఎత్తిన ప్రతిసారీ "జర సంభాలించుకోండ్రి" అని, జాగ్రత్త చెప్పడానికి గుమ్మం దాకా వచ్చేవాడు. ఆ సంభాలించుకోవడం మా కోసమా, పెట్టె కోసమా అని మేం నవ్వుకునేవాళ్లం.

తోపుడుబండి పోయేంత వరకు బండి మీద, అది పోలేని ఎత్తు సందుల్లోకి మోతకట్టె మీద. మోతకట్టె అంటే నిడుపాటి వెదురు కట్టె. పెట్టెకు మోకు కట్టి కట్టెకు వేలాడదీసి, ముందొకరూ వెనకొకరూ భుజాలకెత్తుకోవాలి. అందులో ఒక కట్టుబాటు ఉండేది. పడుచువాడు ముందు నడవాలి, పెద్దవాడు వెనక. వెనకవాడికి ఎదురుగా పెట్టె వేలాడుతుంటుంది కనుక కాళ్ల కింద ఏముందో కనబడదు. అందుకని ముందువాడు గుంత వస్తే గుంత అని, మెట్టు వస్తే మెట్టు అని కేకేయాలి, వెనకవాడు ఊఁ అనాలి. ముందువాడు మాత్రం చచ్చినా తల తిప్పకూడదు, తిప్పితే కట్టె మెలితిరిగి ఇద్దరూ పడతారు. ఇవన్నీ మామ నాకు మొదటి రోజే నేర్పాడు. నడుముతో కాదు, మోకాళ్లతో లేవమన్నాడు, లేచేటప్పుడు మాట్లాడొద్దన్నాడు, మోకు కట్టే పని మాత్రం వెనకవాడిదే అన్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు, "ఎత్తేటప్పుడే బరువు అల్లుడా, నాలుగడుగులు నడిస్తే అల్కనైతది."

నిజంగానే అయ్యేది. ఎత్తిన క్షణం భుజం కుంగిపోయినట్టుండేది, వీధి మలుపు తిరిగేసరికి బరువు దిగిపోయేది. ఒళ్లు అలవాటు పడితే అంతే కాబోలు అనుకున్నాను. లక్సెట్టిపేట పోయినప్పుడు అవ్వ ముందు జబ్బలు చరుచుకుని, ఇనుప సందుకలు కూడా నాకు లెక్క కాదని కోతలు కోశాను. అవ్వ మురిసిపోయి రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది.

ఒకనాడు కుట్టు మిషన్ల పెట్టె ఒకటి మోసుకుని బజారులో పోతున్నాం. దారి మలుపు తిరిగే చోట ఎదురుగా క్షవరం దుకాణం ఒకటి ఉండేది. ఆ రోజు దుకాణాయన కొత్త నిలువుటద్దం తెచ్చి, గోడకు బిగించే లోపల గుమ్మం ముందు వీధికి ఎదురుగా ఆనించి పెట్టాడు. తల తిప్పకూడదు గానీ ఎదురుగా ఉన్న అద్దంలోకి చూడకుండా ఎవరుంటారు చెప్పండి, అందులోనూ పంతొమ్మిదేళ్లవాడు. నన్ను నేను చూసుకుందామని చూశాను. అద్దంలో నేను దర్జాగా, భుజం మీద మోతకట్టె ఒక అలంకారమన్నట్టు నడుస్తున్నాను. నా వెనక కట్టె మధ్యలో ఉండాల్సిన పెట్టె అక్కడ లేదు. అది మామ రొమ్ముకు తగులుతూ వేలాడుతోంది. ఆయన మోకాళ్లు వంగిపోయి ఉన్నాయి, మెడ నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. నడకలో కట్టె ఊగి కాస్త పైకి లేచినప్పుడల్లా ఆయన మోకును పట్టి వేలెడంత తన వైపు లాక్కుంటున్నాడు.

పెట్టె దించాక అడిగేశాను. ఎత్తు దారి కదా, జారింది అన్నాడు. అక్కడ ఎత్తు లేదు మామా అంటే బీడీ ముట్టించుకుని అటు తిరిగాడు. మర్నాటి నుంచి కట్టె మధ్యలో గుడ్డపీలిక చుట్టి మోకు ఇక్కడే ఉండాలని చెప్పాను. సరే అన్నాడు, నా కళ్ల ముందే అక్కడ కట్టాడు. ఎత్తాం, నాలుగడుగులు వేశాం, భుజం మీద బరువు మెల్లగా దిగిపోవడం మొదలైంది. "మామా, వద్దు" అన్నాను ముందుకు చూస్తూనే. వెనక నుంచి "అల్కగనే ఉన్నది, నువ్వు నడువు" అన్నాడు. నడిరోడ్డు మీద తల తిప్పడానికి లేదు, ఆగడానికి లేదు, ఆగితే ఆయన మీద పడుతుంది. తెలియనంత కాలం హాయిగా ఉన్నాను, తెలిశాక ప్రతి అడుగూ నరకమే. నేను ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి, ముందు నడిచేవాడి కన్నీళ్లు వెనకవాడికి కనబడవు కదా.

నేను వెనక ఉంటానన్నాను. అందుకాయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. "ముంగట నేనుంటే, నువ్వెట్ల నడుస్తున్నవో నాకెట్ల తెలుస్తది? అక్కకు నేనేం జవాబు చెప్పాలె?" అత్తకు చెప్పాను. అత్త అప్పటికే రోజూ రాత్రి ఉప్పు మూట వేడి చేసి ఆయన నడుముకు కాపడం పెడుతోందట, నా మాట ఆయన ఏనాడు ఇన్నడని కొంగుతో కళ్లొత్తుకుంది. మున్షీ సాబుకు చెబుదామా అంటే, నడుము పోయిన మనిషిని మోతలో ఎవరూ ఉంచుకోరు, ఆయన ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. నేనే పని మానేస్తే లక్సెట్టిపేటలో మా పొయ్యి ఆరిపోతుంది. ఎటు చూసినా గోడే. రోజూ పొద్దున్నే పోవడం, ఆయన ముందు నిలబడటం, కట్టె భుజానికెత్తుకోవడం, ఇంతకు మించి నాకు చేతనైంది ఏమీ లేదు.

ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో ఒక షావుకారు ఎత్తు సందులో పిండి గిర్ని పెట్టాడు. దానికి గిర్ని రాయి లారీలో వచ్చింది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, సందులో ఒక్క తలుపూ తెరిచి లేదు. ఇంకో ఇద్దర్ని పిలుద్దామని నేనంటే ఎవరున్నరు పిలువనీకి అన్నాడు మామ, ఆ మాటా నిజమే, తక్కిన జట్లన్నీ బోథ్ పోయే బండికి పత్తి ఎక్కిస్తున్నాయి. మున్షీ సాబు గుమ్మం దాకా వచ్చి జర సంభాలించుకోండ్రి అన్నాడు. సందు మొదట్లో బరువు రోజూలాగే దిగిపోయింది. సగం ఎక్కేసరికి నా భుజం మీద కట్టె ఉందా లేదా అన్నట్టయింది. మెట్టు అన్నాను, ఊఁ అన్నాడు. మెట్టు అన్నాను, ఊఁ రాలేదు. మళ్లీ అన్నాను. రాలేదు.

ఆ ఎండలో, కట్టె కిందనే నేను కొయ్యబారిపోయాను. తిరిగి చూస్తే రాయి ఆయన మీద పడుతుంది, దించితే పడుతుంది, పరుగెత్తితే పడుతుంది. "మామా, మామా" అని మూసిన తలుపులకేసి అరిచాను. చాలాసేపటికి, నాకు చాలాసేపనిపించింది, వెనక నుంచి గొంతు వచ్చింది. "ఆగకు. నడువు." నడిచాను. ఇంకేం చేయను? పైదాకా ఎక్కి గిర్ని అరుగు మీద రాయి దించాం. దానికి చిన్న పెచ్చు కూడా ఊడలేదు. మామ దించడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు, మళ్లీ నిటారుగా నిలబడలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎన్నడూ.

వారం తర్వాత నా జట్టుకు కొత్తాయన వచ్చాడు. నిజాయితీ గల మనిషి. మోకు కట్టె మధ్యలోనే కట్టాడు, అక్కడే ఉంచాడు. మొదటి రోజు ఒక నూలు బేలు ఎత్తుకుని బయలుదేరాం. నాలుగడుగులు వేశాను, పది వేశాను, వీధి మలుపు తిరిగాను. బరువు దిగలేదు. బజారంతా నడిచాను, దిగలేదు. నడిస్తే అల్కనవడమంటూ ఈ లోకంలో లేదని, సగం బరువంటే ఇంతని నా భుజానికి అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం మామ ఇంటికి పోతే గోడకు ఒరిగి కూర్చుని, ముందు అదే అడిగాడు, "కొత్తాయన ఎట్ల మోస్తుండు? నీ దిక్కు తోస్తలేడు గద?" నా భుజం చొక్కా కింద కమిలిపోయి ఉంది. "అల్కగనే ఉన్నది మామా" అన్నాను. ఆయన నా భుజం కేసి చూసి, ఉప్పు మూట వేడి చెయ్యమని అత్తను కేకేశాడు.

ఇప్పుడు అన్నిటికీ చక్రాలొచ్చాయి, నడుముకు పట్టీలొచ్చాయి, ఎట్లా ఎత్తాలో పెట్టె మీదే బొమ్మ వేసిస్తున్నారు. మంచిదే, మామ నాటికి ఆ పట్టీ ఒకటి ఉంటే ఎంత బాగుండేదో. కానీ వెనక భుజం అన్న మాటే ఈ పిల్లలకు తెలియకుండా పోయింది, వాళ్ల వెనక ఎవరూ లేరు, ముందూ ఎవరూ లేరు. మొన్న ఆ కుర్రవాడు పెట్టెను రొమ్ముకు ఆనించుకుని మెట్లెక్కుతుంటే వాడికి కాళ్లు కనబడటం లేదని నాకు తెలుస్తూనే ఉంది. పట్టుకునే సత్తువ నాకు లేదు. అందుకే లేచి, కమ్మీ పట్టుకుని, వాడి కంటే ముందు నడిచాను. మెట్టు అన్నాను. వాడు ఊఁ అనలేదు, అనాలని వాడికెవరు చెప్పారు గనుక. నేను మాత్రం తల తిప్పకుండా, మూడో అంతస్తు దాకా ఒక్కో మెట్టుకూ చెబుతూనే ఎక్కాను.