పలక మీద ఎక్కని బండి

రెండు షట్టర్ల దుకాణం అది. ఎడమ షట్టరు కింద స్కూటర్లు, కుడి షట్టరు కింద మోటారుసైకిళ్ళు. మధ్యలో గోడ లేదు, ఒక పొడవాటి బల్ల మాత్రం ఉండేది. బల్లకు ఇటు అన్న, అటు తమ్ముడు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళను పేర్లతో పిలవడం ఎప్పుడో మానేశారు. అన్న పెద్దమేస్త్రి, తమ్ముడు చిన్నమేస్త్రి. ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళ భార్యలు కూడా "మేస్త్రిగారు లేరండీ" అనేవారు. ఏ మేస్త్రి లేడో వచ్చినవాళ్ళు మళ్ళీ అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు గాని, ఆ రోజుల్లో స్కూటరు కొనడమంటే ఇల్లు కట్టడంతో సమానం. పేరు రాయించుకుని ఏళ్ళకేళ్ళు ఎదురుచూసేవారు. తీరా వచ్చాక అది పొద్దున్నే ఓ పట్టాన కదిలేది కాదు. పక్కకు వంచి, పది తన్నులు తన్ని, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్ది, అప్పటికీ మొండికేస్తే తోసుకుంటూ పెద్దమేస్త్రి దగ్గరికి తెచ్చేవారు. ఆయన ముందు బండి వంక కాదు, మనిషి వంక చూసేవాడు. ఎవరు విప్పారు దీన్ని అని అడిగేవాడు. నేనే అని ఒప్పుకున్నవాడి బండి ముందు, నీళ్ళు నమిలినవాడి బండి తర్వాత. అంత పట్టింపు మనిషి.

ఆయనకు ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండేది. గోడకు ఒక నల్ల పలక. వచ్చిన బండ్లన్నీ దాని మీద ఎక్కాలి. ఎవరి బండి, ఏమి జబ్బు, సుద్దముక్కతో రెండు మాటల్లో రాసేవాడు. స్కూటరు వెనక చక్రాన్ని పట్టి ఉంచేది ఒక పెద్ద నట్టు. ఆ నట్టు తిరిగి ఊడిపోకుండా దానికి అడ్డంగా ఒక చిన్న పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరో వైపుకు వంచుతారు. వేలెడంత కూడా ఉండదు గాని, వెనక కూర్చున్న మనిషి ప్రాణం దాని మీదే ఉంటుంది. ఒకసారి వంచిన పిన్ను మళ్ళీ వాడకూడదని పెద్దమేస్త్రి నియమం. అందుకని చక్రం విప్పడానికి ముందే డబ్బాలోంచి ఒక కొత్త పిన్ను తీసి ఒక రేకు మూతలో వేసుకునేవాడు. ఎన్ని చక్రాలు విప్పితే అన్ని పిన్నులు. సాయంత్రానికి మూత ఖాళీ అయితే ఆ రోజు పని సరిగ్గా జరిగినట్టు లెక్క.

చిన్నమేస్త్రికి ఈ పద్ధతులేవీ ఒంటపట్టలేదు. అతనికి ఉన్నది చెవి. మోటారుసైకిలు వీధి మలుపులో ఉండగానే దాని రోగం చెప్పేవాడు. ఇక నడపడమంటారా, రద్దీలో బండి ఆగినా కాలు కింద పెట్టకుండా అలాగే నిలబెట్టేవాడు. రిపేరయిన ప్రతి బండినీ ఊరి చివరిదాకా తోలి తెచ్చేది అతనే, అన్న బాగుచేసిన స్కూటర్లతో సహా. అలా దూసుకుపోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు తల తిప్పి చూసేవారు. వాళ్ళే ఒక మాట పుట్టించారు. బిగింపు అన్నది, తొందర తమ్ముడిది అని. ముద్దుగా అన్న మాటే. అన్నదమ్ములు కూడా విని నవ్వుకునేవారు.

చిన్నమేస్త్రికి పెళ్ళయిన ఏడేళ్ళకు భార్య కడుపుతో ఉంది. ఇల్లంతా ఆమెను అపురూపంగా చూసుకుంటున్న రోజులు. ఐదో నెలలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిన రోజున పెద్దమేస్త్రి తెల్లవారగానే తమ్ముడి స్కూటరును తానే దుకాణానికి తోసుకొచ్చాడు. వెనక బ్రేకు మెత్తగా ఉందని ముందురోజే గమనించాడు. తమ్ముడు తానే చూసుకుంటానంటే, కడుపుతో ఉన్న పిల్లను ఎక్కించుకుని పోయే బండి, నీ చేతికి ఇవ్వనని వేళాకోళం చేశాడు. డ్రమ్ము విప్పి కొత్త బ్రేకు షూలు వేశాడు. చక్రం ఎక్కించి, నట్టు చేత్తో తిప్పి, పానాతో ఒక్క పట్టు పట్టాడు. అంతలో టీచరుగారు తన స్కూటరు తోసుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చారు. పెద్దమేస్త్రి పానా కింద పెట్టి, లేచి, షట్టరు పూర్తిగా ఎత్తి, సుద్దముక్క తీసుకుని పలక దగ్గరికి వెళ్ళాడు.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చి తన బండి తీసుకుపోయాడు. పెద్దమేస్త్రి తల కూడా ఎత్తలేదు. జాగ్రత్త అని మాత్రం అన్నాడు.

నాలుగు గంటలకు కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ మూతలోకి చూశాడు. ఒక పిన్ను మిగిలి ఉంది. కొత్తది, కాళ్ళు వంచనిది. పలక వైపు చూశాడు. ఆ రోజు వెనక చక్రం విప్పిన బండ్లు మూడు. టీచరుగారిది, బట్టల కొట్టాయనది, ఇంటింటికీ తిరిగి మందులిచ్చే నర్సమ్మది. మూడూ వెళ్ళిపోయాయి. అప్పట్లో జేబుల్లో ఫోన్లున్నాయా ఏమన్నానా ఎదురుగా ఉన్న సైకిలు తీసుకుని బయలుదేరాడు. బడి గోడ పక్కన టీచరుగారి బండి నిలబెట్టి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పిన్ను ఉంది. బట్టల కొట్టు ముందు రెండోది. దానికీ ఉంది. ఇక నర్సమ్మదే అనుకున్నాడు. ఆవిడ ఎక్కడెక్కడికి వెళ్ళిందో అడుగుతూ అడుగుతూ చివరికి ఒక ఇంటి ముందు పట్టుకున్నాడు. దానికీ పిన్ను ఉంది, రెండు కాళ్ళూ పద్ధతిగా వంచి.

డబ్బాలోంచి ఒకటి ఎక్కువ తీసి ఉంటానని ఊపిరి పీల్చుకున్నాడు. నర్సమ్మ మంచినీళ్ళిస్తే తాగాడు. తిరిగి వస్తూ సగం దారిలో సైకిలు ఆపేశాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇంటి బండి పలక మీద ఎక్కదు. పొద్దున తమ్ముడి స్కూటరు నట్టు మీద పానాతో ఒక్క పట్టు పట్టి లేచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

దుకాణం ముందు జనం ఉన్నారు. వంతెన దిగే మలుపులో పడ్డారని, ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పారు. తమ్ముడికి చీలమండ విరిగింది. మరదలికి పైకి కనిపించే గాయమేదీ లేదు. బిడ్డ దక్కలేదు. ఇక ముందు కూడా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు పెద్దమేస్త్రిని పక్కకు పిలిచి చెప్పాడు.

మర్నాడు పొద్దున బండిని తేవడానికి ఆయన ఒక్కడే వెళ్ళాడు. ఎవరో దాన్ని గోడకు ఆనించి పెట్టారు. వెనక చక్రం పక్కకు జరిగి వేలాడుతోంది, నట్టు లేదు. వంగి వెతికితే వంతెన మీదే, మలుపు రాకముందే, పిట్టగోడ పక్కన గడ్డిలో దొరికింది. తోపుడు బండి మీద వేసి, పైన గోనె కప్పి తెచ్చాడు. షట్టరు సగం దించాడు. నట్టు ఎక్కించి గట్టిగా బిగించాడు. నిన్న మూతలో మిగిలిన పిన్నే తీసి దూర్చి, కాళ్ళు వంచాడు. షట్టరు ఎత్తేసరికి నలుగురు నిలబడి ఉన్నారు. బండిలో ఏమైనా తేడా ఉందా మేస్త్రీ అని అడిగారు.

"బండిలో ఏ లోపమూ లేదు" అన్నాడు పెద్దమేస్త్రి.

ఎందుకన్నాడంటే భయం. అంతకుమించి గొప్ప కారణమేదీ లేదు. తమ్ముడి కాలు కట్టు విప్పాక చెబుదామనుకున్నాడు. విప్పాక, మరదలు కాస్త తేరుకోనీ అనుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పాల్సినవి రెండయ్యాయి, పిన్ను మరిచిన సంగతి ఒకటి, దాచిన సంగతి ఒకటి. రెండోదే ఎక్కువ బరువు.

ఆయన మాటకు ఊళ్ళో తిరుగులేదు. పెద్దమేస్త్రి లోపం లేదన్నాక లోపం మనిషిదే. బిగింపు అన్నది, తొందర తమ్ముడిది అనే మాట మళ్ళీ బయటికొచ్చింది, ఈసారి ఎవరూ నవ్వలేదు. చిన్నమేస్త్రి ఎవరితోనూ వాదించలేదు. కాలు బాగయ్యాక కుంటుకుంటూ దుకాణానికి నడిచే వచ్చేవాడు. బండి ఎక్కడం మానేశాడు. ఇంజన్లు బల్ల మీద పెట్టుకుని బాగుచేసేవాడు, తోలి చూడటం మాత్రం అన్నకు వదిలేశాడు. అతను అలా బల్ల వెనక నిలబడి, వీధిలో పోయే మోటారుసైకిలు చప్పుడు దూరమయ్యేదాకా వింటూ ఉంటే పెద్దమేస్త్రి తల వంచుకుని పని చేసుకునేవాడు. మరదలు భర్తను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేది, బట్టలు తీసిచ్చేది, అవసరమైనంత మాట్లాడేది. పెద్దమేస్త్రి పిల్లలిద్దరినీ తన పిల్లల్లాగే పెంచింది. తన కూతురికి ఆవిడ జడ వేస్తుంటే చూడలేక ఆయన అక్కడినుంచి లేచిపోయేవాడు. ఏమిటలా ఉన్నారని భార్య అడిగితే అలసట అనేవాడు. తేలు కుట్టిన దొంగకు అంతకంటే మాటలు రావు.

దుకాణంలో మాత్రం కొత్త నియమం పెట్టాడు. చక్రం బిగించాక బండిగలాయన్ని పిలిచి, వంగి చూడమని, పిన్నును వేలితో తాకమని చెప్పేవాడు. అంత శ్రద్ధ ఎక్కడా చూడలేదని జనం పొరుగూళ్ళనుంచి కూడా వచ్చేవారు. దాచిన తప్పే ఆయనకు పేరు తెచ్చిపెట్టింది. ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరు వేయగలరు చెప్పండి?

ఇరవై రెండేళ్ళు గడిచాయి. గేర్ల స్కూటర్లు పోయాయి, మీట నొక్కితే కదిలే బండ్లు వచ్చాయి, వాటిని కంపెనీ వాళ్ళే బాగుచేసుకుంటున్నారు. అన్నదమ్ములు దుకాణం మూసేయాలని నిర్ణయించుకున్నారు. చివరి రోజున పాత ఖాతాదారులు పదిమంది దాకా వచ్చారు. మరదలు ఇంటినుంచి టీ పెట్టి తెచ్చింది. అప్పటికి డెబ్బై దాటిన టీచరుగారు గ్లాసు పట్టుకుని పాత రోజులు తలుచుకుంటూ, మంచి మనసుతోనే, పక్కవాళ్ళకు ఆ పాత మాట వినిపించారు. బిగింపు అన్నది, తొందర తమ్ముడిది. అందరూ నవ్వారు. చిన్నమేస్త్రి కూడా నవ్వాడు. గ్లాసులు తీస్తున్న మరదలి చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

పెద్దమేస్త్రి అది చూశాడు. అందరూ వెళ్ళేదాకా ఉండి, ఇద్దరినీ కూర్చోమన్నాడు. తాను నిలబడే చెప్పాడు. టీచరుగారు రావడం, పానా కింద పెట్టడం, మూతలో పిన్ను, మూడు బండ్ల వెంట తిరగడం, గోనె కప్పి తేవడం, షట్టరు సగం దించడం, అన్నీ జరిగిన వరసలోనే చెప్పాడు. ఎక్కడా తనకు అనుకూలంగా ఒక మాట కలపలేదు.

"నట్టు ఎక్కడ దొరికింది?" అన్నాడు చిన్నమేస్త్రి.

"వంతెన మీద, గడ్డిలో."

"మలుపుకి ఎంత ముందు?"

"ముప్పై అడుగులుంటుందిరా."

చిన్నమేస్త్రి లెక్క వేసుకుంటున్నట్టు బల్ల మీద వేలు ఆనించి కూర్చున్నాడు. అంటే మలుపు తిరగకముందే ఊడిందన్నమాట అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత అన్న వైపు చూశాడు.

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు చెబుతున్నావు అన్నయ్యా?"

"మోయలేకపోతున్నానురా."

"మోసింది నువ్వా?"

కొడితే పడదామని, తిడితే విందామని పెద్దమేస్త్రి ఇరవై రెండేళ్ళనుంచి సిద్ధంగా ఉన్నాడు. ఈ ప్రశ్నకు సిద్ధంగా లేడు.

మరదలు అప్పటిదాకా గ్లాసుల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాన్ని పక్కన పెట్టింది.

"బావగారూ, ఆ రోజు ఈయన ఎంత నెమ్మదిగా నడిపారో మీకు తెలీదు. వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ పోయే ఒక ముసలాయన మమ్మల్ని దాటి వెళ్ళాడు. నాకు నవ్వొచ్చింది. ఇట్లా అయితే బిడ్డ పుట్టాక ఇల్లు చేరతాం అన్నాను. తెల్లారి మీరు బండిలో లోపం లేదన్నారు. మీరు లేదంటే లేనట్టే కదా. అప్పుడు నేను చూసింది నాకే అబద్ధం అనిపించింది. ఆ ముసలాయన నా భ్రమేమో అనుకున్నాను. వెనకాల కూర్చున్నదాన్ని నేనండీ. నా కళ్ళని నేను నమ్మలేదు, మీ మాటని నమ్మాను."

పెద్దమేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు. తమ్ముడి మీద నింద వేశానని మాత్రమే ఆయనకు తెలుసు. వాళ్ళు కళ్ళారా చూసినదాన్ని కూడా లాగేసుకున్నానని ఆయనకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

చిన్నమేస్త్రి భార్య వైపు తిరిగాడు.

"సైకిలు హ్యాండిలుకి గొడుగు తగిలించుకున్నాడు. ఆయనేనా?"

"ఆయనే. మీకూ గుర్తుందా?"

"గుర్తుంది. నాకు నేను సర్ది చెప్పుకోవడానికి కల్పించుకున్నాననుకున్నాను."

"లేదండీ, ఉన్నాడు. మనవైపు తిరిగి చూశాడు కూడా."

ఆ మాట మళ్ళీ చెప్పమన్నాడు చిన్నమేస్త్రి. ఆవిడ మళ్ళీ చెప్పింది. అతను రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆవిడ లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. గొడుగు నల్లదని ఒకరు, కాదు వెలిసిపోయిందని ఒకరు, ఆ రోజు గురించి ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పెద్దమేస్త్రి వైపు ఎవరూ చూడలేదు. చూడమని ఆయన అడగలేదు.