నా బల్ల ముందు ఆగిన చెరకు బళ్ళు

ఇన్నేళ్ళుగా నేను అడుగుతున్నది ఒకే ఒక్క వాక్యం గురించి. మా పాత సారుకు మామూలు ఉత్తరం రాశాను, రిజిస్టరు పోస్టులో రాశాను, ఈమధ్య మెయిలు కూడా పెట్టాను. జవాబు లేదు. మా ఆవిడ, "ఇంకా ఆ బల్ల గోలేనేటండి?" అంటుంది. అవును, ఆ బల్ల గోలే. మూడో తరగతిలో నాకు రావలసిన సబ్బుపెట్టె బహుమతి పక్క బెంచీ వాడికి ఇచ్చిన సంగతే నేను మరిచిపోలేదు. ఇదెలా మరిచిపోతాను? ఉత్తరాలు రాస్తే చదవరు కాబట్టి, చదివే అలవాటున్న మీ ముందు మొదటి నుంచి చెప్పుకుంటాను. న్యాయం మీరే చెప్పండి.

ఆ రోజుల్లో మా చోడవరం వైపు డిగ్రీ పాసైన కుర్రాడికి ఉద్యోగం వచ్చిందంటే ఏం ఉద్యోగమని ఎవరూ అడిగేవారు కాదు, విశాఖపట్నంలోనా కాదా అని మాత్రమే అడిగేవారు. నాది విశాఖపట్నంలోనే. కాబట్టి అక్కడ నేనేం చేస్తానో మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. నేను చేసేదల్లా రోడ్డు పక్కన కూర్చుని బళ్ళు లెక్కపెట్టడం. ఎవరైనా ఎక్కడైనా పెద్ద కట్టడం కట్టదలిస్తే, దానివల్ల అక్కడి రోడ్డు మీద రద్దీ ఎంత పెరుగుతుందో, ఆ రోడ్డు తట్టుకుంటుందో లేదో ముందుగా రిపోర్టు రాసి ఇచ్చే ఆఫీసు మాది. నన్ను మూడు నెలలు చూస్తామన్నారు. రెండు నెలలు గడిచాయి, నన్ను ఎవరూ చూడలేదు. మూడో నెలలో మా సారు పిలిచి, మీ ఊరి వైపే పని పడింది, ఇది సరిగ్గా చేస్తే ఉంటావు, తేడా వస్తే మూటా ముల్లే సర్దుకో అన్నారు.

చోడవరం నుంచి మాడుగుల వెళ్ళే దారిలో, ఊళ్ళకు కాస్త దూరంగా, సహజ వాయువు నిల్వచేసే కేంద్రం ఒకటి కడతారట. పెద్ద ట్యాంకర్లు వచ్చి గ్యాసు దించుతాయి, చిన్న బళ్ళు నింపుకుని ఊళ్ళకు పోతాయి. అవన్నీ మెయిన్ రోడ్డు వదిలి ఒక మలుపు దగ్గర లోపలికి తిరగాలి. ఆ మలుపులో నేను మూడు రోజులు కూర్చుని, పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఏ బండి ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు ఆగిందో రాయాలి. సారు నాకు మూడు నియమాలు చెప్పారు. కుర్చీ వదలకూడదు. ఒక బండికి ఒక గీత తప్పకూడదు. వచ్చేపోయే వాళ్ళ విషయంలో జోక్యం చేసుకోకూడదు. "నువ్వు అక్కడ లేనట్టే ఉండాలి. నువ్వున్నావని రోడ్డుకు తెలియకూడదు" అన్నారు. అని, నాకొక మడత బల్ల, ప్లాస్టిక్ కుర్చీ, పెళ్ళిపందిరంత గొడుగు, చీకట్లో కూడా మెరిసే పచ్చ జాకెట్టు ఇచ్చి పంపారు. (కుర్చీకి ఒక చెయ్యి లేదు. రెండు చేతులున్న కుర్చీలు ఆఫీసులో నాలుగున్నాయని నాకు తెలుసు.)

అది చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగు సీజను. చెరకు ట్రాక్టర్లూ ఎడ్లబళ్ళూ ఫ్యాక్టరీకి ఆ రోడ్డు మీంచే వెళతాయి. మా వైపు రైతుకు సీజనులో ఒకటే లోకజ్ఞానం: రోడ్డు పక్కన బల్ల వేసుకుని కాగితాలతో ఎవడైనా కూర్చున్నాడంటే వాడు ఫ్యాక్టరీ మనిషి. వాడి ముందు ఆగాలి, చెరకు తోలుకు రమ్మని ఫ్యాక్టరీ ఇచ్చిన చీటీ చూపించాలి, వాడు పొమ్మంటే పోవాలి. అసలు సంగతి తరవాత అడగవచ్చు, లైనులో చోటు పోతే మళ్ళీ రాదు. ఇది నాకు తెలియనిది కాదు, నేనూ ఆ చెరకు తిని పెరిగినవాణ్ణే. కానీ బల్లకు ఇవతల కూర్చోవడం అదే మొదటిసారి.

ఆరున్నరకు మొదటి ట్రాక్టరు వచ్చింది. నేను ఆనందంగా ఒక గీత గీశాను. ట్రాక్టరు పోలేదు. తలపాగా చుట్టుకున్న ముసలాయన ఇంజను ఆపి దిగి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"సూడు బాబూ."

"నేను ఫ్యాక్టరీ మనిషిని కాదు తాతా. బళ్ళు లెక్కపెడుతున్నానంతే."

"నెక్కెట్టు. ఎవుడొద్దన్నాడు? సీటీ సూసి నెక్కెట్టు."

"చీటీతో నాకు పనిలేదు. మీరు వెళ్ళిపోవచ్చు."

ముసలాయన నన్నూ గొడుగునూ జాకెట్టునూ వరసగా చూశాడు. "పనినేకపోతే బల్లెందుకేసేవు?" అన్నాడు.

ఈలోగా వెనక ఇంకో ట్రాక్టరు ఆగింది, ముందుది ఆగింది కాబట్టి. దాని వెనక రెండెడ్లబళ్ళు. వాళ్ళు ఎందుకాగారని అడగనైనా అడగలేదు, ఎడ్లను విప్పి గడ్డి వేశారు. ఎనిమిది గంటలకు లైను కల్వర్టు దాటింది. నేను నియమం ప్రకారం జోక్యం చేసుకోకుండా, ఒక్కో బండి ఎంతసేపు ఆగిందో నిమిషాలతో సహా రాస్తూనే ఉన్నాను. మలుపులో టీకొట్టు నడిపే ఆవిడను అందరూ పిన్ని అనేవారు. ఆవిడకు అంత బేరం ఆ సీజనులో ఎప్పుడూ తగల్లేదేమో, నాకు అడగకుండానే అల్లం దంచి వేసి టీ తెచ్చిపెట్టింది. "గ్యాసోల్ల మనిసివటగా బాబూ, నా సిలిండరు బుక్కు సేసి రెండువారాలయిపోనాది, కాస్త సూద్దూ" అంది. ఇది ఆ గ్యాసు కాదు పిన్నీ అన్నాను. తరవాతి టీలో అల్లం లేదు. (మూడు రోజులూ లేదు. రాసుకున్నాను.)

అప్పుడు మా మామ ట్రాక్టరు వచ్చింది. మా అమ్మ తమ్ముడు. ఆ మలుపంటే ఆయనకు పగ. అంతకు ముందు ఏడాది ఆయన ట్రాక్టరు ట్రక్కు ఎదురొచ్చే లారీకి దారివ్వబోయి, అక్కడే పక్కకు ఒరిగి, లోడంతా కాలవలో పోసింది. మలుపు వెడల్పు చెయ్యమని ఆయన పెట్టిన అర్జీలకు ఒక్క జవాబూ రాలేదు. (జవాబు రాని కాగితాలు రాయడం మాకు అమ్మ వైపు నుంచి వచ్చింది.) లైనును తప్పించుకుంటూ నడిచి వచ్చి, జాకెట్టులో నన్ను పోల్చుకుని, "ఒరే, నువ్వేటిరా ఇక్కడ! విశాపట్నంలో ఉజ్జోగమన్నారు, మరీ రోడ్డు మీద కూకోబెట్టేసేరేటి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా గౌరవంగా, "మామా, ఇది ఫ్యాక్టరీ బల్ల కాదు. నువ్వు పక్కనుంచి వెళ్ళిపో. నిన్ను చూసి అందరూ వెళతారు" అని చెయ్యి ఊపాను.

మామ వెళ్ళిపోయాడు. ఎవరూ ఆయన వెనక వెళ్ళలేదు. తలపాగా ముసలాయన లైను వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. "సూసేర్రా! సొంత మామని ఎలా ఒగ్గేసేడో సూసేరా! మనమేటి, గడ్డి మోసుకొచ్చేమా?"

అంతే. అప్పటిదాకా నన్ను ఫ్యాక్టరీ మనిషేమోనని అనుమానపడ్డవాళ్ళకు ఇప్పుడు రుజువు దొరికింది. బండి వదలగల అధికారం నాకు లేకపోతే మామను ఎలా వదిలాను? బల్ల చుట్టూ జనం మూగారు. ఇక లాభం లేదని, రోడ్డుకు అడ్డం లేకుండా ఉంటుందని బల్లను ఎత్తి రోడ్డుకు అవతల పక్క వేశాను. అది నేను జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో రెండోది. (మొదటిది కుర్చీ గురించి అప్పుడే అడగకపోవడం.) బల్ల ఎటుంటే లైను అటే. తల కదిలింది కాబట్టి లైను వంకర తిరిగి రోడ్డుకు అడ్డంగా పడింది. మాడుగుల బస్సు వచ్చి ఆగిపోయింది. చీడికాడ ఆటోలు ఆగిపోయాయి. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరే పచ్చజాకెట్టూ! ఆ కొట్టు కట్టెయ్యిరా బాబూ, పాసింజర్లు సంపేస్తన్నారు!" అని అరిచాడు. కొట్టట! అరమైలు దూరం వినబడింది. నేను బస్సుకు ఒక గీత గీసి, ఆగిన సమయం నలభై నిమిషాలు అని రాశాను.

చివరికి దారి చూపించింది ఆ తలపాగా ముసలాయనే. "బాబూ, ఏదో వొకటి గీసి పంపీ. గీసింది మా కల్లతో సూస్తే ఎలిపోతాం" అన్నాడు. ఆయన కళ్ళెదుటే గీత గీసి చూపించాను. వంగి చూసుకున్నాడు. "ఇదేనా నాది?" "అదే తాతా." "కాస్త గట్టిగా దిద్దు." దిద్దాను. ట్రాక్టరు కదిలింది. తరవాతివాడు వచ్చాడు, తన గీత చూసుకుని వెళ్ళాడు. నాలుగు గీతల మీద అడ్డంగా ఐదోది గీస్తే మాత్రం గొడవే. ఒకాయన, "అందర్నీ నిలబెట్టి నన్ను పడుకోబెట్టేవేటి?" అని, నిలువుగా గీసేదాకా కదల్లేదు.

రెండో రోజు పొద్దున్న నేను వెళ్ళేసరికే లైను నాకోసం చూస్తోంది. మూడో రోజుకు అది ఆచారమైపోయింది. కె.కోటపాడు వైపు నుంచి పనిగట్టుకుని తిరిగి వచ్చిన బళ్ళు కూడా ఉన్నాయి, ఇక్కడ గీత గీయించుకుంటే ఫ్యాక్టరీలో బేగి దింపుతారని ఎవరో చెప్పారట. నా లెక్కలో ఒక్క బండి తప్పలేదు. అంత నికార్సయిన లెక్క మా ఆఫీసులో అంతకుముందు ఎవరూ తేలేదు. దాంట్లో ఒకటే లోపం: లెక్కపెట్టే వాడే లేకపోతే ఆ రద్దీయే లేదు.

మూడో రోజు మధ్యాహ్నం మా సారు చూడడానికి వచ్చారు. ఆయన కారు కల్వర్టు దగ్గరే ఇరుక్కుంది. గంట చూసి, దిగి, ప్యాంటు మడిచి చెరకు ఆకుల మీంచి నడుచుకుంటూ వచ్చారు. నా పని అయిపోయిందనుకున్నాను. మూటా ముల్లే కళ్ళముందు కనిపించాయి.

"ఏమయ్యా! ఇంత రద్దీ ఉందా ఇక్కడ!" అన్నారు, మొహం వెలిగిపోతూ. "ఇంత ఇరుకు మలుపులో ట్యాంకరు ఎలా తిరుగుతుంది? భేషైన స్పాటు పట్టావయ్యా!"

"సార్, అదికాదు, ఈ రద్దీ నిజానికి..."

"కాగితాలు ఒకసారి చూపించు. ఆగిన సమయం నిమిషాలతో రాశావే! నువ్వు ఉంటావయ్యా మా దగ్గర, అనుమానం లేదు."

ఉంటావన్న మాట కోసం మూడు నెలలు ఎదురుచూశాను. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి కాగితాలు అప్పగించే ముందు, చివరి పేజీ అడుగున 'ఇతర విశేషాలు' అన్న గడిలో, నా అందమైన చేతిరాతతో ఒక వాక్యం రాశాను: "ఈ రద్దీకి కారణం నా బల్ల." కింద సంతకం. అప్పగించి, ఏ క్షణాన పిలుస్తారా అని కూర్చున్నాను.

ఎవరూ పిలవలేదు. నెల తరవాత రిపోర్టు అచ్చయి వచ్చింది. నా అంకెలన్నీ ఉన్నాయి. మలుపు వెడల్పు చేయాలని, చెరకు బళ్ళు ఆగడానికి పక్కన జాగా కట్టాలని, అది కట్టాకే గ్యాసు కేంద్రం తెరవాలని రాశారు. నా వాక్యం లేదు. తమ ట్యాంకర్లకు దారి దొరికిందని గ్యాసు వాళ్ళు సంతోషించి మాడుగుల హల్వా పెట్టె పంపారు. అది సారు గదిలో మొదలై, బల్ల బల్లా తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి నెయ్యి మరకల కాగితం మిగిలింది. (దీన్ని గురించి వేరే ఉత్తరం రాశాను. దానికీ జవాబు లేదు.)

మలుపు కట్టారు. నేను సిగ్గుపడుతూ మామకు నిజం చెప్పాను. ఆయన ట్రక్కు టైరు మీద కూర్చుని అంతా విని, "నెక్క దొంగదైతే అయిందిరా, రోడ్డు దొంగది కాదు కదా. నా అర్జీలన్నీ సెయ్యనేనిది నీ బల్ల సేసింది. ఇంక నోర్ముయ్యి" అన్నాడు. నోరు మూసుకోమన్నందుకు ఆయన మీద ఇప్పటికీ కాస్త కోపమే.

ఇప్పుడు ఆ దారిన వెళితే, చెరకు బళ్ళు పక్క జాగాలో తీరిగ్గా ఆగి ఉంటాయి. ట్యాంకర్లు ఎవరినీ తాకకుండా లోపలికి తిరుగుతాయి. టీకొట్టు పిన్ని ఆ జాగా అంచుకే మారింది, నన్ను చూస్తే ఈమధ్య మళ్ళీ అల్లం వేస్తోంది. చూస్తుంటే కడుపు నిండినట్టు ఉంటుంది. నేను అదే ఆఫీసులో కొత్తవాళ్ళకు పని నేర్పుతాను. బల్ల ఇవ్వను, గట్టు మీద కూర్చుని రాయమంటాను. నాకు మాత్రం పెద్ద బల్ల ఉంది, రెండు చేతుల కుర్చీ ఉంది. దాని ముందు ఎవరూ ఆగరు. ఒక్కోసారి మధ్యాహ్నం పూట, "ఇదేనా నాది? కాస్త గట్టిగా దిద్దు" అని ఎవరైనా వంగి చూస్తే బాగుండునని అనిపిస్తుంది. ఆ పచ్చజాకెట్టు కుర్రాడిని తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను. అంతమందిని ఆపిన అధికారం మళ్ళీ వాడికి దక్కలేదు పాపం.

నవ్వు సంగతి వేరు, న్యాయం సంగతి వేరు. అయ్యా సారూ, మీరు రిటైరై సీతమ్మధారలో హాయిగా ఉన్నారని నాకు తెలుసు. ఆ చివరి పేజీ మీరు చదివారా? చదివి, ఆ మలుపు చూసి, కావాలనే వదిలేశారా? లేక అసలు అక్కడిదాకా తిప్పనే లేదా? చదివి వదిలేసి ఉంటే మీకు దణ్ణం పెడతాను. చదవకపోతే మాత్రం ఊరుకోను. ఏదో ఒకటి, ఒక్క ముక్క రాసి పంపండి. ఏమీ తోచకపోతే ఒక నిలువు గీత గీసి పంపినా చాలు. కాస్త గట్టిగా దిద్దండి.