చిరిగిన వలకు మొదటి పని

రాష్ట్రం విడిపోయిన సంవత్సరం, డిగ్రీ అయ్యాక, కోడింగ్ నేర్చుకోవాలా వద్దా తేల్చుకుందామని విజయనగరంలో ఒక మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఎవరినీ ముందుగా కంప్యూటర్ ముట్టుకోనివ్వడు. తెల్ల కాగితం ఇచ్చి, తెలిసిన పని ఏదైనా ఎలా చేయాలో రాయమంటాడు. రాసింది రాసినట్టు గాలిలో చేతులతో చేస్తూ, "తర్వాతేటి?" అంటాడు.

నా ముందున్న అమ్మాయిని టీ పెట్టడం రాయమన్నాడు. నా దరఖాస్తులో భోగాపురం దగ్గరి మా జాలర్ల ఊరి పేరు చూసి, చిరిగిన వల బాగుచేయడం రాయమన్నాడు. అక్కడే నాకు మండింది.

నేను రాసినట్టే గాలిలో ముడి వేయబోయి ఆగాడు.

"తెగిపోయిన పోగుకి ముడెలా నిలుస్తాదిరా?"

"ముందు సిరుగు సుట్టూ కోసీయాలండి. అది అందరికీ తెలుసు కదా."

"మీ ఊర్లో తెలుసు. మిషనుకి తెల్దు."

గదంతా నవ్వింది. ఆ అమ్మాయి పొయ్యి వెలిగించడం రాయలేదన్నప్పుడూ నవ్వారు. కానీ ఆమె ఊరిని ఎవరూ ఎత్తలేదు. కాగితం అక్కడే వదిలేసి వచ్చేశాను. మెట్ల మీదికి ఆయన కేక వినిపించింది.

"ఒరే బాబూ, అడగ్గానే సెప్పీసినావు. నీకిది వస్తాదిరా! రేపు రా!"

నేనున్నంతసేపూ ఆ మాట ఇంకెవరితోనూ అనలేదు. అయినా వెనక్కి తిరగలేదు. మా ఊరిని ఎత్తినందుకు ఆయన్ని నేటికీ క్షమించలేదు.

ఇప్పుడు ఒడ్డున ఒక్కణ్ణే కూర్చుని వల బాగుచేస్తుంటాను. చిరుగు చుట్టూ కోసి, ఒక్క క్షణం ఆగుతాను. "తర్వాతేటి?" అని ఎవరూ అడగరు.