కోళ్ల షెడ్డు పాటలూ, మా అమ్మాయి తొలి ఏడుపూ

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి నా ఫోనుకు ఒక వీడియో పంపింది. స్నేహితులతో కలిసి పాట కట్టి, తనే పాడిందట. ఇంకా ఎవరికీ చూపించలేదని, ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పమని కింద రాసింది. ఆ 'ఉన్నదున్నట్టు' అన్న మాట చదవగానే నాకు నవ్వొచ్చింది. ఈ పిల్ల భూమ్మీద పడిన రోజుల్లో సరిగ్గా ఆ మాటే నన్ను శామీర్‌పేటలో మా అత్తగారింటి అరుగు మీద కూర్చోబెట్టి నానా తిప్పలూ పెట్టింది మరి. వీడియో తెరవకుండా ఫోను ఒళ్లో పెట్టుకున్నాను.

అప్పుడు నేను సికింద్రాబాదులో ఒక వారపత్రికలో పనిచేసేవాణ్ణి. ప్రూఫులు దిద్దడం అసలు ఉద్యోగం, కొత్తగా వచ్చిన క్యాసెట్ల మీద నాలుగు మాటలు రాయడం కొసరు. కానీ ఎవరైనా అడిగితే ఆ కొసరు పనినే అసలు పనిగా చెప్పుకుని తిరిగేవాణ్ణి. మా ఆవిడను తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకుపోయారు. నెలలు నిండుతున్నాయనగానే నేనూ సెలవు పెట్టి, బ్యాగు సర్దుకుని అక్కడే దిగాను. మామగారికి ఊరవతల కోళ్లఫారం, హైవే పక్కన ప్లాట్లు అమ్మే ఆఫీసు ఉండేవి. మా బామ్మర్దికి ఆ రెండూ పట్టవు. వాడి ప్రాణమంతా డ్రమ్ముల మీదే.

వాడూ, మచ్చబొల్లారం నుంచి గిటారు మోసుకొచ్చే ఒకడూ, దూలపల్లిలో తండ్రి లేతు షాపు చూసుకుంటూ బేసు గిటారు వాయించే ఇంకొకడూ, గౌడవెల్లి నుంచి బైకు మీద ఫ్యాక్టరీకి పోయి, డ్యూటీ దిగాక వచ్చి పాడే మరొకడూ కలిసి హార్డ్ రాక్ బ్యాండు పెట్టారు. పాడేవాడని మర్యాదకు అంటున్నాను, నిజానికి అరిచేవాడు. సాధన చేసుకోవడానికి వాళ్లకు ఊళ్లో ఎవరూ చోటివ్వలేదు. అయితే కోళ్లఫారంలో ఒక పద్ధతి ఉంటుంది: ఒక బ్యాచి కోళ్లు అమ్ముడుపోయాక షెడ్డు కడిగి, సున్నం కొట్టి, కొత్త పిల్లలను దింపేదాకా కొన్నాళ్లు ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ రోజుల్లోనే, రేకుల కప్పు కింద, మోత తగ్గడానికి గోడలకు దాణా సంచులు వేలాడదీసి, వీళ్లు తమ మొదటి క్యాసెట్ రికార్డు చేశారు. పక్క షెడ్డులోని కోళ్లు గుడ్లు తగ్గించేశాయని మా అత్తగారు ఇప్పటికీ అంటుంది.

ఆ క్యాసెట్ మీద సమీక్ష రాయాల్సిన వాణ్ణి నేనే. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంటే ఏ బాధా ఉండేది కాదు, కానీ మామగారు అందరి ముందూ షరతు పెట్టేశాడు.

"పేపర్ల మంచిగున్నదని వస్తే షెడ్డు ఖాళీ అయినప్పుడల్లా మీదే. లేకుంటే గా డప్పులన్ని అమ్మేసి రేపటి సంది ఆఫీసుల కూసో."

బామ్మర్ది నన్ను పక్కకు తీసుకుపోయి, "బావా, మనోడని సూడకు, ఉన్నదున్నట్టు రాయి" అన్నాడు, కానీ అన్నంతసేపూ నా చెయ్యి మాత్రం వదల్లేదు. వాడి అరచేతుల్లో కర్రలు పట్టి పట్టి కాసిన కాయలు నాకు గరుగ్గా తగిలాయి.

చిక్కేమిటంటే, క్యాసెట్ నాకు అంతగా నచ్చలేదు. ఫస్టు షిఫ్టు సైరను మీద, చెరువు దాకా పాకిన ప్లాట్ల మీద వాళ్లు కట్టుకున్న పాటల్లో దమ్ముంది గానీ, ఒకదాని మీద ఒకటి పడిపోతూ, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, తరుముకొస్తున్నట్టు వాయించారు. మళ్లీ మళ్లీ విందామంటే మా ఆవిడ నాయనమ్మ, ఇంట్లో అందరికీ అవ్వ, ఊరుకునేది కాదు. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా చప్పుడు పనికిరాదని ఆమె హుకుం. అందుకని చెవులకు వాక్‌మన్ తగిలించుకుని, అరుగు మీద కూర్చుని, చప్పుడు లేకుండా తల ఊపుతూ వినేవాణ్ణి. పెళ్లాం కాన్పు బెంగతో అల్లుడికి ఏదో అయ్యిందని పక్కింటివాళ్లు చెప్పుకున్నారట.

మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో వాక్‌మన్‌లో బ్యాటరీ సెల్లు అయిపోతుంటే పాట మెల్లమెల్లగా సాగిపోయేది. మూడో పాటలో గాయకుడు గొంతు ఈడుస్తున్నాడని కాగితం మీద రాసేసుకున్నాక, నాలుగో పాటలో డ్రమ్ములు కూడా ఈడ్వడం మొదలుపెడితే గానీ నాకు వెలగలేదు. సెల్లులు తీసి ఎండలో పెట్టి, రాసిన మాట కొట్టేశాను. అవ్వ కునుకు తీసే వేళ చూసి మా ఆవిడ ఒక చెవి నాకు వదిలి, ఇంకో చెవి తను తీసుకునేది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "తంతాంది. ఇష్టమై తంతాందో, ఆపుమని తంతాందో" అని నవ్వేది. అది సమీక్షలో రాయదగిన అభిప్రాయం కాదు కదా.

ఇవన్నీ పోను, ఆఖరి పాటలో ఒక తప్పుంది. మంచి ఊపులో ఉండగా డ్రమ్ములు ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. మళ్లీ మీద పడతాయి. డ్రమ్మరు దారి తప్పాడని రాసి పెట్టుకున్నాను. ఆ ఒక్క వాక్యం చాలు, మామగారు డ్రమ్ములు అమ్మేయడానికి. అందుకే కలం ముందుకు కదల్లేదు.

ఇంతలో నొప్పులు మొదలై, మేడ్చల్‌లో ఆస్పత్రికి తీసుకుపోయాం. తలుపు బయట నిలబడ్డ నాకు లోపలి నుంచి ఏడుపు వినిపించింది. అవ్వ బయటికొచ్చి, "ఆడపిల్ల. మస్తు గొంతు వడ్డది" అంది. నేను లోపలికి ఒక్క అడుగు వేశానో లేదో, మామగారు పంతులుకు ఫోను చేయడం, ఆయన నక్షత్రం మంచిది కాదని చెప్పడం అయిపోయాయి. తండ్రి శాంతి చేయించి, నూనెలో మొహం చూసేదాకా బిడ్డను నేరుగా చూడకూడదట. నేను మొదట నవ్వాను. ఆ తర్వాత అవ్వ కళ్లలో భయం చూసి వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. కానీ నిజం చెబుతున్నాను, అంత కోపం నాకు జీవితంలో మళ్లీ రాలేదు.

అలా పురుటి శుద్ధి చేసే పురుడు రోజు దాకా మా అమ్మాయి నాకు వినడానికే ఉంది. తల్లీబిడ్డలు లోపలి గదిలో, నేను అరుగు మీద, మధ్య పరదా. వాక్‌మన్ పక్కన పడేసి ఆ ఏడుపే వింటూ కూర్చునేవాణ్ణి. ఆకలి ఏడుపు వేరు, నిద్ర ఏడుపు వేరు. అన్నిటికంటే నన్ను పట్టేసింది మాత్రం ఏడుపుకీ ఏడుపుకీ నడుమ ఆగడం. ఒక కేక పెట్టి, ఆగి, ఊపిరంతా కూడగట్టుకునేది. ఆ క్షణం ఇల్లంతా చెవులు రిక్కించేది. వంటింట్లో అత్తగారి గరిటె ఆగేది, అరుగు మీద నా గుండె ఆగేది. ఆపైన రెండో కేక వచ్చేది. దాని ముందు మొదటిది ఎంత!

ఒక మధ్యాహ్నం అలా వింటూ వింటూ, చప్పున వాక్‌మన్ అందుకుని ఆఖరి పాట పెట్టాను. డ్రమ్ములు ఆగిన చోట నా ఊపిరి కూడా ఆగింది. అది తప్పు కాదు. క్యాసెట్ మొత్తంలో ప్రాణమున్న చోటు అదొక్కటే.

అప్పుడు రాశాను. తరుముకొస్తున్నారని రాశాను, గాయకుడు మాటలు మింగేస్తున్నాడని రాశాను, గిటారు శ్రుతి రెండు చోట్ల జారిందనీ రాశాను. ఆఖరి పాటలో డ్రమ్మరు ఆగిన ఆ ఒక్క క్షణం కోసం మిగిలినవన్నీ క్షమించవచ్చని, ఆగడం తెలిసినవాడికి వాయించడం వస్తుందని ముగించాను.

పత్రిక సరిగ్గా పురుడు రోజునే ఇల్లు చేరింది. మామగారు అద్దాలు పెట్టుకుని, వచ్చిన చుట్టాల ముందు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో తప్పు బయటికి వస్తున్నకొద్దీ బామ్మర్ది మొహం వాడిపోయింది. నేను తల వంచుకుని చాప అల్లిక చూస్తూ కూర్చున్నాను. మామగారు చివరిదాకా చదివి, పత్రిక మడిచి, కొడుకు వైపు కాక నా వైపు చూశాడు.

"ఇన్ని తప్పులు రాసినోడు ఆఖరికి మంచిగున్నదంటే ఉత్తగ అనడు. ఇగ షెడ్డు తీస్కోన్రి పో."

ఆ గోలలోనే నన్ను పీట మీద కూర్చోబెట్టి, కంచు గిన్నెలో నూనె పోసి ముందుంచారు. అవ్వ నా వెనక నుంచి బిడ్డను గిన్నె మీదికి వంచింది. నూనెలో ఒక చిన్న మొహం కదిలింది. అప్పుడు ఏడవడం లేదు, పెదవులు బిగించి ఊపిరి కూడగట్టుకుంటోంది. అందరూ మొదటిసారి చూస్తున్నానని అనుకున్నారు, నాకు మాత్రం బాగా ఎరిగిన మనిషే ఎదురైనట్టనిపించింది.

చాలా ఏళ్ల తర్వాత బామ్మర్ది ఒక సంగతి బయటపెట్టాడు. ఆ పాట రికార్డు చేస్తుంటే అవ్వ కట్టె పట్టుకుని షెడ్డు తలుపు దాకా వచ్చిందట, భయంతో ఒక్క క్షణం చేతులు ఆగిపోయాయట. "పేపర్ల గట్ల రాసినవని ఇగ ప్రతి పాటల ఆగుడు వెట్టిన బావా" అన్నాడు. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. వాడిప్పుడు పగలు ప్లాట్లు అమ్ముతాడు, సాయంత్రాలు పిల్లలకు డ్రమ్ములు నేర్పుతాడు. అరుగు ఇల్లు మేడయింది, షెడ్డు ఉన్న చోట విల్లాలు లేచాయి, అవ్వ లేదు. పాటలు కూడా ఇప్పుడు ముందు కంటికి వస్తున్నాయి. బట్టలు, దీపాలు, మొహాలు చూసి ఒక గుండె బొమ్మ నొక్కి ముందుకు జరిగిపోతున్నాం. ఇక్కడ జారావు, ఇక్కడ నిలబడ్డావు అని చెప్పే తీరిక ఎవరికీ లేదు, చెప్పించుకునే ఓపికా తగ్గింది. అందుకే మా అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పమని అడిగితే నాకు అంత ముద్దొచ్చింది.

వీడియో నొక్కి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. మొహం తర్వాత చూస్తాను. కళ్లు మూసుకున్నాను. పాట మొదలయ్యే ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. ఆ ఊపిరి నాకు తెలుసు.