ఐదొందల నెంబరు తుపాకీ

ఒక్క గుండు కూడా పేలని తుపాకీ ఒకటి, బాగా ఆడుతున్న మగ్గాన్ని ఉగాది దాకా పడుకోబెట్టింది. ఆ తుపాకీ నాది, ఆ మగ్గం మాది. తుపాకీని కొనడానికి ఖర్చుపెట్టిన తెలివి కూడా ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు, అచ్చంగా నాదే. మా మనవలకి ఈ కథ ఇంకోలా చెప్పాను. అందులో కొండపల్లి అడవి ఉంటుంది, చిరుతపులి ఉంటుంది, పొగలు కక్కే తుపాకీతో నేనుంటాను. ఇక్కడ మాత్రం పులి లేదు. ఉన్నవి కోతులు, వాటిలో ఒకటి నేను.

అవి యుద్ధం రోజులు. మాది మంగళగిరి. రైలెక్కి కృష్ణ దాటితే బెజవాడ. నాకు ఇరవై ఆరేళ్లు, ఒక గుంటమగ్గం, మంగతాయారు అనే భార్య ఉన్నారు. మగ్గంలో దిగి నేసేది ఎక్కువగా ఆవిడ. నేతగాణ్ణని ఊళ్లో చెప్పుకు తిరిగేది నేను. పనిని అలా సమంగా పంచుకున్నాం.

అప్పుడు నూలుకి బంగారం కన్నా కరువు. బంగారం కనీసం పక్కింటావిడ మెడలోనైనా కనిపించేది. మంగతాయారు ఎలా కూడబెట్టిందో గానీ రెండు కట్టల ఎనభై నెంబరు నూలు ట్రంకుపెట్టె అడుగున దాచింది. మాఘంలో పెళ్లిళ్లు మొదలవుతాయి కదా, ఉగాది దాకా ఆ రెండు కట్టల మీదే మా మగ్గం ఆడాలి, మేం అన్నం తినాలి.

ఇక కోతులు. చీర నిలువు పోగులకి వాడే పడుగు నూలుని తెల్లవారగానే వీధి పొడుగునా సాగదీసి కట్టి గంజి పెడతాం. కొండ మీది కోతులకి అది పెళ్లి భోజనం. గంజి నాకి, దారాలు తెంపి, కడుపు నిండాక వాటి మీద ఉయ్యాలలూగి పోయేవి. వీటికి మందు తుపాకీయేనని ఒక ఉదయం నాకు జ్ఞానోదయమైంది. ఆంజనేయస్వామి చుట్టాల్ని కాల్చే పాపం నాకొద్దు, చప్పుడు చాలు అన్నాను.

"చప్పుడుకైతే టపాకాయ చాలదటండీ?" అంది మంగతాయారు.

"యుద్ధం రోజుల్లో టపాకాయలెక్కడివే?"

"టపాకాయలే లేనప్పుడు తూటాలెక్కడివి?"

జవాబు లేనప్పుడు మగవాళ్లు చేసే పనే చేశాను. కండువా భుజాన వేసుకుని బయటికి నడిచాను.

కొండపల్లిలో నాయుడు గారని ఒకాయన ఉండేవారు. ఒకప్పుడు ఒక జమీందారు గారి వేటలన్నీ నడిపిన మనిషి. దివాణం చితికిపోయాక జీతానికి బదులు మూడు తుపాకులు ఆయన వాటాకి వచ్చాయి. అందులో ఒకటి అమ్ముతారని విని వెళ్లాను. లైసెన్సు కాగితాల సంగతి తానే కచేరీలో చూసుకుంటానన్నారు. నేను తుపాకీని చూశాను. అయ్యా, అది తుపాకీ కాదు, పెళ్లికూతురు. ఇనుము మీద లతలు, లతల మధ్య జింక, జింక పక్కన 500 అని అంకె.

ఆ అంకె దగ్గరే నా కొంప మునిగింది.

నూలు ముట్టని పాఠకులకి ఒక ముక్క చెప్పాలి. మా వృత్తిలో నెంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. ఇరవై నెంబరు దుప్పటికి, ఎనభై నెంబరు మంచి చీరకి. వంద దాటితే చేతులు కడుక్కుని ముట్టుకుంటాం. నేను గుడ్డిగా కొనే రకాన్ని కాదు గనక నాయుడు గారి మిగతా రెండు తుపాకుల్నీ పరీక్షించాను. ఒకటి పన్నెండు నెంబరు, రెండోది పదహారు. పన్నెండు గొట్టం లావు, పదహారుది దానికన్నా సన్నం. ఇంకేం కావాలి? దొరలూ మా లెక్కనే పట్టుకున్నారని తేలిపోయింది. అంటే ఇది ఐదొందల నెంబరు. ఏ మిల్లూ వడకలేని సన్నదనం, తుపాకుల్లో మేలిమి. ఈ వెర్రి నాయుడు గారికి దాని విలువ తెలియదు.

ధర అడిగాను.

"డబ్బులేం చేసుకుంటామండీ, కొందామంటే గుడ్డ దొరకటంలా. ఇంట్లో ఆడవాళ్లకి చీరల్లేవు. రెండు కట్టలు మంచి నూలిప్పించండి, తీసుకెళ్లండి" అన్నారాయన.

ఎనభై నెంబరు ఇచ్చి ఐదొందల నెంబరు తెచ్చుకోవడం. రైలు పెట్టెలో నా ఆనందం పట్టలేక పక్కవాళ్లు జరిగి కూర్చున్నారు.

మంగతాయారు అంతా విని, "గొట్టంలో వేలు పెట్టి చూశారా?" అంది.

"చూశాను."

"దూరిందా?"

"చిటికెన వేలు దూరింది."

"మీ చిటికెన వేలు దూరేది ఐదొందల నెంబరెట్టా అయిందండీ? ఆ లెక్కన మన ఎనభై నెంబరు నూలు తాటిమొద్దంత ఉండాలి."

ఇనుము లెక్కలు ఆడవాళ్లకి తెలియవన్నాను. ఆవిడ నావంక చూసింది. మగ్గం మీద తెగిన పోగుని కూడా ఎప్పుడూ అంత విసుగ్గా చూడలేదు. చివరికి తీర్పు చెప్పింది.

"నేనొద్దంటే రేపట్నుంచి వీధంతా మీ పెళ్లాం కొననివ్వలేదని చెప్పుకు తిరుగుతారు. ముందు బెజవాడ వెళ్లి దానికి సరిపడే తూటాలున్నాయేమో కనుక్కోండి. దొరికితే నూలు నా చేత్తో నేనే తీసిస్తాను. దొరక్కపోతే ఇంక ఈ ఇంట్లో తుపాకీ మాటెత్తకూడదు."

ఇంతకన్నా ధర్మమైన తీర్పు ఏ కోర్టులోనూ రాదు.

బెజవాడలో తూటాలమ్మే కొట్టాయన ముసలివాడు, కళ్లజోడు ముక్కు చివర వేలాడుతోంది. నా ఐదొందల సంగతి విని ఆ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్ద వేట తుపాకులకి అంకె గొట్టం వెడల్పుని చెబుతుందట. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఐదొందలంటే అరంగుళం. నల్లమందు కూరిన పాత తూటా వాడే తుపాకీ. ఆ తూటాలు ఇప్పుడెవరూ తెప్పించడం లేదట, వాళ్ల నాన్న హయాంలో మిగిలిన ఆఖరి పెట్టె చెమ్మ పట్టి పాడైపోయిందట.

"మరి పన్నెండు కన్నా పదహారు సన్నం కదండీ" అన్నాను.

"వాటి లెక్క వేరండీ. అవి చిల్లర గుళ్ల తుపాకులు."

"ఒక తుపాకీకి ఒక లెక్క, ఇంకోదానికి ఇంకో లెక్కా?"

"నేను పెట్టిన లెక్క కాదు బాబూ, నేను అమ్ముకునేవాణ్ణి." ఈసారి ఆయనకి ఓపిక అడుగంటింది. "ఆ తుపాకీ ఊరికే ఇచ్చినా తెచ్చుకోకండి. గోడకి తగిలిస్తే మేకు దండగ."

చూశారా, సత్యం ఎంత స్పష్టంగా నా చెవిలో పడిందో. ఇక్కడితో కథ అయిపోవాలి. మీరైతే ఇంటికెళ్లి పప్పన్నం తిని పడుకునేవారు.

కానీ బెజవాడ స్టేషన్‌లో మా బావమరిది కోటయ్య కనిపించాడు. మా వీధిలోనే మగ్గం వాడిది. వారం రోజులుగా వాడి ముందు నేను కొయ్యని కోత లేదు. తుపాకీ లేదు, తూటా లేదు, చచ్చిన పులి పేరు సోమలింగమన్నట్టు, తోలు ఏ గోడకి కొట్టాలో కూడా చెప్పి ఉన్నాను.

"ఏం బావా, ఉత్త చేతుల్తో వస్తున్నావ్? తూటాలు దొరకలా? నాకు తెలుసులే" అని నవ్వాడు.

ఆ నవ్వు లేకపోతే నేను బతికిపోయేవాణ్ణి. "ఎందుకు దొరకవురా? పెట్టెలకి పెట్టెలున్నాయి. లైసెన్సు చేతికి రాగానే తెచ్చుకోమన్నారు" అన్నాను.

వాడు నాకన్నా ముందు మా ఇంటికెళ్లి అక్కకి శుభవార్త చెప్పాడు. నేను గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి మంగతాయారు ట్రంకుపెట్టె తెరిచి కూర్చుంది. రెండు కట్టలూ తీసి, తువ్వాల్లో మూటకట్టి, నా చేతుల్లో పెట్టింది. "అన్న మాట అన్న మాటే" అంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. ఒక్కమాట, దొరకలేదే అని ఒక్కమాట చాలు. కోటయ్య అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేను నోరు తెరిచి, "మంచినీళ్లివ్వు" అన్నాను.

నాయుడు గారు మూట విప్పి నూలు చూసి మురిసిపోయారు. "దీన్ని మీరే చీరలు నేసి పెట్టరాదటండీ? కూలి ఇచ్చుకుంటాను" అన్నారు. అప్పటికి తుపాకీ నా భుజాన ఉంది. తుపాకీ భుజాన ఉన్నవాడు పోగు విసిరే నాడె పట్టి కూలికి నేస్తాడా? "మాకు తీరదండీ. మా బావమరిది ఉన్నాడు, వాడికివ్వండి" అన్నాను జమీందారులా.

కాగితాలు వచ్చాయి, ఇక తూటాలూ వచ్చే ఉంటాయని అందరూ నమ్మారు. మర్నాడు ఉదయం కోటయ్య పడుగు మీద కోతులు దిగగానే వీధంతా నా కోసం వచ్చింది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు, చంటిపిల్లల్ని లోపలికి తీసుకుపోయారు. నేను తుపాకీ ఎత్తాను. ఒక కన్ను మూశాను. ఇంకేం మిగిలిందో మీకు తెలుసు. నోటితోనే గట్టిగా "ఢాం" అన్నాను.

వీధిలో ఎవరూ కదల్లేదు. కోతులూ కదల్లేదు. వాటిలో ఒక పెద్దది మాత్రం నావంక జాలిగా చూసి మళ్లీ గంజి నాకడం మొదలుపెట్టింది.

"తూటా ఏదండీ?" అంది మంగతాయారు. చెప్పేశాను. కొట్టాయన మాటలు, స్టేషన్‌లో నా కోతలు, అన్నీ. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. తెగిన పడుగు పోగులు అతకడానికి వంగి, "కొట్లో అడిగొచ్చిన రోజే చెబితే ఏం పోయేది" అంది. అంతే.

ఏం పోయిందో ఉగాది దాకా తెలుస్తూనే ఉంది. మా మగ్గం గుంటలో పిల్లి ఈనింది. నాయుడు గారి చీరలు నేయడం కోటయ్య ఒక్కడి వల్లా కాక, మంగతాయారు వాడింట్లో కూలికి నేసింది. పక్కన కూర్చుని రాట్నం తిప్పుతూ ఆవిడకి కండెలు చుట్టి అందించింది ఎవరనుకున్నారు? మా నూలు, మా ఆవిడ నేత, నా కండెలు, కోటయ్య మగ్గం, నాయుడు గారి చీరలు. ఆయన చీరలు తీసుకెళ్లడానికి స్వయంగా వచ్చారు. నేత చూసి మెచ్చుకుని, ఒళ్లో కండెలు పెట్టుకుని ఉన్న నన్ను గుర్తుపట్టారు.

"తుపాకీ బాగా పనిచేస్తోందాండీ?"

కోటయ్య చూస్తున్నాడు. మంగతాయారు నాడె ఆపింది.

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాను. "మొన్ననే ఒక చిరుతని..."

కనుక, ఎనభై దాటిన వయసులో, నిండు స్పృహతో, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తూటా లేని తుపాకీని ఈ జన్మలో మళ్లీ కొనను. తూటా ఉన్న తుపాకీ విషయంలో నా తరఫున మంగతాయారు ఎప్పుడో ప్రమాణం చేసేసింది.