మా పాటకు కావలసిన దుమ్ము

బీటెక్ పూర్తయి ఉద్యోగం రాని ఆ రోజుల్లో, కడపలో మా ఈడువాళ్లకు రెండే దారులు కనిపించేవి. ఒకటి బెంగళూరు బస్సెక్కడం, రెండోది డైరెక్టర్ కావడం. బస్సుకైతే టికెట్టు తీసుకోవాలి కాబట్టి నేను డైరెక్టర్నయ్యాను. నాకు ఇద్దరు సహచరులు. మొదటివాడు సంగటి. రాగిసంగటి తింటే గొంతు లేస్తుందని ఎవరో చెప్పగా మూడుపూటలా అదే తినేవాడు (గొంతు మాటేమో కానీ మనిషి అడ్డంగా లేచాడు). కరువు మీద తనే పాట కట్టి, తనే పాడి, రికార్డు కూడా చేయించాడు. మందులషాపు ఆయన కొడుకు కాబట్టి చేలో కాలుపెట్టింది తక్కువే అయినా, పాటలో ఏడుపు మాత్రం నిజమైనదే. రెండో చరణం దగ్గర మాకు కూడా ఏడుపొచ్చేది, వేరే కారణాల వల్ల. రెండోవాడు రాయచోటి నుంచి వచ్చిన జూమ్ భాయ్. పెళ్లి వీడియోలు తీసేవాడు. తాళి కట్టే వేళకు పెళ్లికూతురి మేనత్త ముక్కుపుడక మీదికి జూమ్ చేసి అక్కడే ఉండిపోయాడని ఆ పేరొచ్చింది.

పాటకు వీడియో తీయాలనుకున్నాక, టీ అంగట్లో కూర్చుని వారంరోజులు కాన్సెప్టు ఆలోచించాం. దానికోసం నేనొక నోటుపుస్తకం కూడా పెట్టాను. “రైతు బోరేపిస్తాంటాడు. నీళ్లు పడవు. దుమ్ము లేస్తాది. ఆ దుమ్ములోనించి సంగటి నడ్సుకుంటా వస్తాడు, స్లోమోషన్లో” అన్నాను. సంగటి, “నడ్సుకుంటా యాడికి పోతాండా నేను?” అని అడిగాడు. “యాడికీ పోవు. ఆర్టురా అది.” జూమ్ భాయికి ఆర్టుతో పేచీ లేదు. “అంత దుమ్ముకు ఖరాబైతాది భాయ్” అన్నాడు. “గుడ్డ కట్టుకో” అన్నాను. “కెమెరాకా, నాకా?” అన్నాడు. ఇక రంగుల విషయం. వీడియో మొత్తం బూడిదరంగులో ఉండాలనీ, ఫ్రేములో ఎక్కడా పచ్చరంగు కనపడరాదనీ ఎర్రపెన్నుతో రాసి కింద రెండు గీతలు గీశాను. మా జిల్లాలో ఆ నియమం పాటించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు.

చిక్కల్లా బోరులారీ దగ్గర వచ్చింది. షూటింగు కోసం ఎవరూ భూమికి బొక్క పెట్టరు కదా. అప్పుడే మా అమ్మ ఫోన్లో, “బద్వేలు దగ్గర మీ మామ బుధవారం మళ్లా బోరేపిస్తాండాడంట, ఏమైతాదో ఏమో” అని దిగులుపడింది. నేను ఎగిరి గంతేశాను. మామకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉండేది. ఎనిమిదేళ్ల చెట్లు. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయి, ఆకు కూడా ఎండి రాలిపోతూ ఉంది. ఇదీ పోతే చెట్లు కొట్టేయడం తప్ప దారిలేదు. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. తెలిసే, నోటుపుస్తకంలో ‘లొకేషన్: ఓకే’ అని రాసుకున్నాను.

బుధవారం పొద్దున్నే దిగాం. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని చేనంతా తిరిగి, నీళ్లున్నచోటు చూపించిన సామి ఒకాయన, ఇంటి ఇల్లాలు పచ్చచీర కట్టుకుని టెంకాయ కొట్టాలని చెప్పి పోయాడట. అత్త చిలకపచ్చ చీరలో, తలస్నానం చేసి, లారీ పక్కనే నిలబడి ఉంది. కెమెరాలోంచి చూస్తే ఫ్రేము మధ్యలో సరిగ్గా ఆ ఒక్క పచ్చరంగే.

“అత్తా, చీర మార్చుకోని రారాదా? రంగు కలవల్యా” అన్నాను.

“ఆ సామి ఇదే కట్టుకోమన్యాడు గదప్పా.”

“నీళ్లు రాతికింద ఉంటాయత్తా, చీరలో ఉంటాయా?” అన్నాను బీటెక్ వాడిలా (ఏ బ్రాంచి అని అడగవద్దు, కంప్యూటర్లు). అత్త మామకేసి చూసింది. మామ లారీ కేసి చూశాడు. “పోనీలే, పిల్లోడు అంత దూరంనించి వచ్చినాడు. మార్చుకోని రాపో” అన్నాడు. అత్త కలుపుతీతకు కట్టుకునే నేతచీరలో వచ్చి టెంకాయ కొట్టింది. ఫ్రేము అద్భుతంగా కుదిరింది.

మూడొందల అడుగుల దాకా తెల్లటి రాతిదుమ్మే లేచింది. సంగటి అందులోంచి నాలుగుసార్లు నడిచొచ్చి, నాలుగుసార్లూ పల్లవి మధ్యలో దగ్గాడు. నాలుగొందల దగ్గర దుమ్ము పలచబడి, నల్లబడి, కిందికి తడిగా రాలడం మొదలైంది. మామ ఆ మట్టిని పిడికిట్లో పిండి, వాసన చూసి, “తేమ తగిలినాది మే!” అని అత్తను కేకేశాడు. అత్త చేతులెత్తి మొక్కింది. నేను జూమ్ భాయ్ చెవిలో, “క్లైమాక్స్ తీయకముందే దుమ్ము పాయె గదరా” అని వాపోయాను. ఇంకో యాభై అడుగులకు తడి పోయింది. ముందుకంటే రెట్టింపు దుమ్ము ఆకాశానికి లేచింది. “హమ్మయ్య!” అని అరిచాను. పైపు మార్చడానికి సరిగ్గా అప్పుడే మిషను ఆపారు. చేనంతా నిశ్శబ్దం. అందులో నా హమ్మయ్య ఒక్కటే వినపడింది.

మామ వెనక్కి తిరిగాడు. తలనుంచి కాళ్లదాకా తెల్లగా ఉన్నాడు, కళ్లు తప్ప. “నీకు కావాల్సిన దుమ్ము ఇదేనా అప్పా?” అని అడిగాడు. కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. “అవు మామా.”

“సరే. ఇంగా శానా ఉండాది. తీసుకో.”

ఏడొందల అడుగుల దగ్గర లారీవాళ్లు చేతులెత్తేశారు. (వీడియో బాగా వచ్చింది. యూట్యూబులో దాని కింద ఎవరో, మామ నిలబడ్డ షాటు గురించి, ‘ఈ ముసలాయన భలే నటించాడు’ అని రాశారు. మామకప్పుడు నలభైనాలుగు. ఆ ఎండాకాలంలోనే చెట్లు కొట్టేశారు. దానికి నన్ను షూటింగుకు పిలవలేదు.)

నీళ్లు పడితే అందరికీ పెట్టాలని అత్త తెల్లవారకముందే లేచి ఓళిగలు (బొబ్బట్లు) చేసి ఉంచిందట. లారీవాళ్లతో సహా అందరం పందిరికింద విస్తళ్ల ముందు కూర్చున్నాం. చీర మాట ఎవరం ఎత్తలేదు. “తినండప్పా, చేసినవి పారేస్తామా” అంటూ అత్త వడ్డించింది. నేను మూడు తిన్నాను. నాలుగోది వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. “సిగ్గేంటికి? నువ్వేమన్నా ఎండబెడితివా బోరు?” అని, చెయ్యి తీసేదాకా ఓళిగ పట్టుకుని నిలబడింది.

ఇప్పుడు ఆనాటి ఆ కుర్రడైరెక్టరు గుర్తొచ్చినప్పుడల్లా, కాలరు పట్టుకుని లేపి రెండు తగిలించాలనిపిస్తుంది. కానీ దగ్గరికెళ్లి చూస్తే వాడు తల వంచుకుని నాలుగో ఓళిగ తింటూ ఉంటాడు. కనుబొమలకు ఇంకా దుమ్ము అంటుకునే ఉంటుంది. ముందు తిననీలే అని, ప్రతిసారీ ఊరకే తిరిగొచ్చేస్తుంటాను.